అరచేతికి తెలిసిన బొచ్చు

జగ్గమ్మ తలకు గుడ్డ కట్టుకోకుండా పత్తి ముట్టుకోదు. పొందూరులో నూలు వడికే ఆడవాళ్ళందరూ ఇంతే అనుకోకండి. చాలామంది తల దువ్వి ముడి బిగించుకుంటారు, అంతటితో సరిపెట్టుకుంటారు. జగ్గమ్మకు అది చాలదు. తన వెంట్రుక ఒక్కటి నూలులోకి పోయినా తెల్లటి పంచె మీద అది చిరిగేదాకా కనిపిస్తుందని, ఆ పంచె కట్టుకున్నవాడు తన తలను నడుం మీద మోసుకు తిరుగుతున్నట్టేనని ఆమె బాధ. నలభై ఏళ్ళుగా ఇదే బాధ, ఇదే గుడ్డ. గుడ్డ మాత్రం మధ్యలో మూడు నాలుగుసార్లు మారింది.

ఆమె పనిముట్టు వాలుగ చేప దవడ. సన్నటి పళ్ళు బారుగా ఉండే ఎముక అది. దాంతో కొండపత్తిని గింజ మీదే దువ్వి, చెత్తా చెదారం తీసి, గింజ విడదీసి, దూదిని మెత్తగా చేసి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచుతుంది. దొప్పలోంచి తీసిన ఏకు నేరుగా రాట్నం మీదికే. మధ్యలో దుమ్ము వాలడానికి కూడా సందివ్వదు.

ఆ నూలును పంచెలుగా నేసేవాడు ఆమె భర్త అప్పలసూరి. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక గది, దాని వెనక మగ్గం పాక, ఆ పాకలో గుంట మగ్గం. మగ్గం కింద సుక్క. సుక్క అంటే ఊరకుక్క. మట్టిరంగు, నుదుట తెల్లమచ్చ. మూడేళ్ళ కిందట వానకు తడిసి పాకలోకి దూరి, మరి పోలేదు. అప్పలసూరి మగ్గం తొక్కుతూంటే ఆయన కాళ్ళ పక్కన గుంటలో పడుకునేది.

నిరుడు ఆషాఢంలో అప్పలసూరి మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. కుడి పక్కంతా చచ్చుబడింది. నోరు పోయింది. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి తెచ్చి గదిలో మంచం మీద పడుకోబెట్టారు. నేసే మనిషికి చేతులే కళ్ళు. దారం తెగితే చూడకుండా వేలితో కనిపెట్టేవాడు. ఇప్పుడు ఆ కుడిచేతి మీద జగ్గమ్మ వేడి కాపడం గుడ్డ పెట్టినా, చన్నీళ్ళు పోసినా ఆయనకు తెలియదు. ఆ చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో వస్తువు దొరికినట్టు చూస్తూ ఉండేవాడు.

నాలుగు నెలలు అలాగే గడిచింది. మనిషి బతికే ఉన్నాడు గానీ ఇంట్లో లేడు. జగ్గమ్మ రాట్నం తిప్పుతూ తనలో తాను మాట్లాడుకున్నట్టు మాట్లాడేది.

పాకలో మనిషి అలికిడి లేక సుక్క గదిలోకి రావడం మొదలుపెట్టింది. జగ్గమ్మ రెండు మూడుసార్లు తరిమింది. అది మళ్ళీ వచ్చి మంచం పక్కన నిలబడేది. ఒకరోజు అప్పలసూరి ఎడమ చేత్తో తన కుడిచేతిని ఎత్తి దాని వీపు మీద పెట్టాడు. పెట్టి తోక వైపు నుంచి మెడ వైపుకు, ఎదురుబొచ్చుకు రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా కుక్కను బొచ్చు వాటానికే నిమురుతారు. ఈయన ఎదురు రాస్తున్నాడు. సుక్క చెవులు వెనక్కి పెట్టి ఓర్చుకుంది. వారం రోజులు అదే పని. ఎనిమిదో రోజున జగ్గమ్మ గంజి గిన్నె తెస్తూంటే వినబడింది.

"సుక్క."

గిన్నె కింద పెట్టేసింది. "మావా! ఏటన్నావు? మల్లీ అను!"

"సుక్క," అన్నాడు అప్పలసూరి. కుడిచేతి వేళ్ళు కుక్క వీపు మీద కొంచెం, చాలా కొంచెం, ముడుచుకున్నాయి.

జగ్గమ్మ ఏడుస్తూనే నవ్వింది. "నలబై ఏళ్ళు కాపురం సేసినాను, నా పేరు రానేదు. కుక్క పేరొచ్చినాది సూడు!"

పక్కింటి ధనలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. ఆమె కూడా నూలు వడికేదే. "పోన్లే వొదినా, ఇయ్యాల కుక్క, రేపు నువ్వు. వరసలో నిలబడు," అంది.

ఆ రోజు నుంచి సుక్కకు గదిలో చోటు దొరికింది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. మంచం ఉన్న గదీ అదే, జగ్గమ్మ పత్తి దువ్వే గదీ అదే. సుక్క బొచ్చు అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు. రాలితే నేల మీద కనిపించదు. పత్తిలో మాత్రం సూదిలా దిగుతుంది. పత్తి ఇచ్చే ఖాదీ సంఘంలో చిలపలు, అంటే వడికిన నూలు చుట్టలు, అప్పజెప్పినప్పుడు వాటిని చూసే ఆవిడ ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూపించింది. తెల్లటి పోగులోంచి మట్టిరంగు ముక్క బయటికి పొడుచుకొచ్చింది.

"జగ్గమ్మా, ఇలగైతే నీకు సన్న పత్తి ఇయ్యలేను. ఏటిది?"

నలభై ఏళ్ళలో ఆ మాట మొదటిసారి. జగ్గమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇల్లు గడిచేది ఇప్పుడు ఆ రాట్నం మీదే. పాకలో కూర్చుని వడుకుదామని చూసింది. మంచం మీంచి ఆయన జారిపోతే చూసే దిక్కు లేదు. గది రెండుసార్లు ఊడ్చింది, నాలుగుసార్లు ఊడ్చింది. ఊడిస్తే బొచ్చు లేచి గాల్లో తిరిగి మళ్ళీ పత్తి మీదే వాలుతుంది.

తమ్ముడు ఎల్లాజీకి కబురు పెట్టింది. ఎల్లాజీకి విజయనగరంలో కుక్కలకు స్నానం చేయించి బొచ్చు కత్తిరించే షెడ్డు ఉంది. యాభై దాటినా మోటారు సైకిలు దిగకముందే మాట్లాడటం మొదలుపెట్టే రకం. వచ్చి, బావ కాళ్ళు ముట్టుకుని, సుక్క వీపు మీద వేళ్ళు దూర్చి చూశాడు.

"అప్పా, కుక్కని తెచ్చుకునీవోలందరూ మొకం సూస్తారు, సెవులు సూస్తారు. బొచ్చు ఎవుడూ సూడ్డు. మొన్నొకాయన మంచుదేశం కుక్కని తెచ్చినాడు. దాని బొచ్చు రెండు మడతలు. పైన పొడుగు, లోపల దూది. ఏడాదికి రెండు తూర్లు ఆ దూది రాలిపోతాది. ఆళ్ళావిడకి సాంబార్లో బొచ్చు, దేవుడి గదిలో బొచ్చు. ఇప్పుడాయన కుక్కతోపాటు మేడ మీద పడుకుంటన్నాడు."

"దీనిది పొట్టే కదరా. పొట్టిది మంచిదంటారు."

"అందరూ సేసీ తప్పు అదే! పొడుగు బొచ్చు ఉండలు కడతాది, ఏరి పారీగలవు. పొట్టిది గుచ్చుకుంటాది. ఏడాది పొడుగునా రాల్తానే ఉంటాది. నీ చేప దవడక్కూడా దొరకదు."

"మరి రాలని బొచ్చు నేదేటి?"

"ఉన్నాది. ఉంగరాల బొచ్చు. అది రాలదు, పెరుగుతాది. కాకపోతే రోజూ తోలు దాకా దువ్వాల. నేకపోతే అట్టలు కట్టీసి లోపల పుళ్ళు పడతాయి. అందుకే సగం మంది తెచ్చుకుని ఒగ్గీస్తారు. విశాకపట్నంవోలు ఒకటి నా షెడ్డుకాడే ఒగ్గీసినారు. రాణి దాని పేరు."

"రోజూ దువ్వడమా?" జగ్గమ్మ చాలా రోజులకు నవ్వింది. "నా బతుకంతా అదే కదరా."

వారం తరవాత ఎల్లాజీ రాణిని తీసుకొచ్చాడు. తెల్లటి కుక్క, మోకాలెత్తు. జగ్గమ్మ దాని మొహం చూడలేదు. వీపు మీంచి చిటికెడు బొచ్చు పట్టి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురుకు పట్టి, పొడవు చూసి, చెంపకు ఆనించుకుని మెత్తదనం చూసింది. పత్తి రాశి ముందు కూర్చున్నప్పుడు చేసే పరీక్షే అది. దాని ఒళ్ళు దులిపి చూసింది, ఒక్క పోగు రాలలేదు.

"కొండపత్తిలాగున్నాదిరా," అంది.

అక్కడే పొరబడింది. కుక్కను పత్తిని ఎంచినట్టు ఎంచింది. ఇంటికి ఏ బొచ్చు సరిపోతుందో చూసింది, ఆ బొచ్చు మీద చెయ్యి వేసే మనిషిని చూడలేదు. పొందూరు నూలు మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. ఎవరైనా చెప్పి ఉంటే వినేది, కానీ చెప్పాల్సినవాడికి నోరు లేదు.

సుక్కను ఎక్కడికి పంపాలో కూడా ఎల్లాజీయే చెప్పాడు. నౌపడలో దేవేంద్ర అని అతనికి తెలిసినవాడు, ఉప్పు మళ్ళ దగ్గర కాపలా ఉంటాడు. "ఉప్పు మడికి పొట్టి బొచ్చే సరైనాది. పొడుగు బొచ్చుకైతే ఉప్పు పేరుకుని తోలు తినీస్తాది. దీనికైతే ఒక్క బిందె నీళ్ళు పోస్తే పోతాది." మాట నిజమే. బొచ్చు సంగతిలో ఎల్లాజీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

అప్పలసూరి మధ్యాహ్నం గంజి తాగి కునుకు తీస్తూంటే సుక్కను తీసుకెళ్ళారు. అది గుమ్మం దాకా వచ్చి, మంచం వైపు చూసి, ఆయన కళ్ళు మూసుకుని ఉండటం చూసి, తాడు లాగినవైపు నడిచింది.

లేచాక ఆయన ఎడమ చేత్తో కుడిచేతిని ఎత్తి మంచం పక్కకు దించాడు. చెయ్యి గాల్లో వేలాడింది. "సుక్క," అన్నాడు. జగ్గమ్మ రాణిని ముందుకు తోసింది. "ఇదిగో మావా, దీని మీద ఎయ్యి. ఎంత మెత్తగున్నాదో సూడు." ఆయన చెయ్యి ఉంగరాల బొచ్చులో మణికట్టు దాకా మునిగింది. అలాగే ఉంచాడు. కాసేపటికి చెయ్యి తీసి అరచేతిని తన వైపు తిప్పుకుని చూశాడు. కళ్ళలో నీళ్ళు. కొత్త కుక్క కదా, అలవాటు పడతాడు అనుకుంది జగ్గమ్మ.

అలవాటు పడలేదు. ఇంకా నాలుగైదు రోజులు పిలిచాడు. తరవాత ఆ ఒక్క మాటా పోయింది.

రాణిది మాత్రం ఏ తప్పూ లేదు. నెమ్మదైన కుక్క. జగ్గమ్మ పత్తికి పనికిరాని పాత దవడ ఒకటి దానికోసం కేటాయించింది. రోజూ పొద్దెక్కాక గుమ్మంలో కూర్చుని, పాయ పాయ విడదీసి, తోలు దాకా దువ్వేది. వీధిలో ఆడవాళ్ళు ఆగి చూసేవారు.

"వొదినా, ఏకులు కూడా సుట్టీస్తావేటి?" అనేది ధనలక్ష్మి.

"సుట్టి నీకు లంగా నేయిస్తాను, ఉండు."

నూలు మళ్ళీ పాలలా వచ్చింది. చిలపలు చూసే ఆవిడ మెచ్చుకుంది. ఇంట్లోకి వచ్చేసరికి మాత్రం మంచం మీద మనిషి గోడవైపు తిరిగి ఉండేవాడు. రాణి మంచం కింద పడుకునేది. ఎవరి దారి వారిది. అయిదు నెలలు గడిచాయి.

ఒకరోజు జగ్గమ్మ నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి చాప మీద పెట్టిన చేప దవడ కనబడలేదు. అది అప్పలసూరి ఎడమ చేతిలో ఉంది. దాని పళ్ళను కుడి అరచేతిలోకి గుచ్చుతున్నాడు. చర్మం మీద ఎర్రటి చుక్కలు వరసగా తేలాయి.

"ఓలమ్మో! ఏటి సేస్తన్నావు మావా!" దవడ లాక్కుంది. లాక్కున్నాక చూసింది. కుడిచేతి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. సుక్క వీపు మీద ముడుచుకున్నట్టే, అంతే కొంచెం. ఆయన మొహంలో నొప్పి లేదు. ఎవరో తలుపు తట్టితే విన్నవాడిలా ఉన్నాడు.

బిందె ఒలికిపోయి నేలంతా పారుతూంటే జగ్గమ్మ అందులోనే కూలబడింది. అప్పుడు తెలిసింది ఆమెకు. ఆ చచ్చుబడ్డ చేతికి మెత్తదనం తెలియదు. వేడి తెలియదు, చల్లన తెలియదు. తెలిసింది ఒక్కటే, గుచ్చుకోవడం. ఎదురుబొచ్చు ఎందుకు రాసేవాడో అప్పుడు తెలిసింది. ఆ పొట్టి బొచ్చు సూదుల్లా నిలబడి అరచేతిలో దిగేది. పత్తిలో ఏది వద్దని తరిమేసిందో అదే ఆయనకు కావలసింది. రాణి బొచ్చులో ఆయన చెయ్యి పెట్టడం గాల్లో పెట్టడమే. ఉన్న ఒక్క దారినీ తనే మూసేసింది.

మర్నాడు ధనలక్ష్మిని ఇంట్లో కూర్చోబెట్టి పాసింజరు బండి ఎక్కింది. నౌపడలో దిగి ఉప్పు మళ్ళ దారి అడుక్కుంటూ వెళ్ళింది. తెల్లటి కుప్పల మధ్య ఎండ కళ్ళలో పొడుస్తోంది. దేవేంద్ర గుడిసె ముందు చుట్ట కాలుస్తూ ఉన్నాడు.

"ఎల్లాజీ అప్పవా? నీకు సెప్పనేదేటి ఆడు?"

"ఏటి సెప్పాలి?"

అతను చుట్ట తీసి పక్కన పెట్టాడు. "అదిక్కడ పదకొండు దినాలున్నాదమ్మా. సరిగ్గా తిననేదు. పదకొండో దినాన తాడు కొరుక్కుని ఎలిపోనాది. రైలు పట్టాలెంట ఆమదాలవలస ఏపు పోతంటే మావోలు సూసినారు. ఇల్లు సేరిపోయుంటాది అనుకున్నాం."

జగ్గమ్మ ఉప్పు గట్టు మీద కాసేపు నిలబడింది. గూటానికి కట్టిన తాడు ముక్క ఇంకా అలాగే ఉంది. ఉప్పు పట్టి కర్రలా బిగిసింది. దాన్ని విప్పి కొంగున కట్టుకుంది.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని పట్టాల పక్కనే చూస్తూ వచ్చింది. కోటబొమ్మాళి, తిలారు, ఉర్లాం. బండి వంశధార వంతెన ఎక్కినప్పుడు కిందికి చూసింది. పట్టాల సందుల్లోంచి నీళ్ళు కనిపించే ఆ వంతెనను ఒక కుక్క ఎలా దాటుతుంది? దాటినా ఇంకో ఏరుంది. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి, "ఏటమ్మా, ఏటైనా పారీసుకున్నావా?" అని అడిగింది. "అవును," అంది జగ్గమ్మ.

ఎల్లాజీని పిలిపించి కడిగేసింది. "తెలిసీ నాకేల సెప్పనేదురా?"

"సెప్తే ఏటి సేస్తావప్పా? నువ్వు నూలు బాగొస్తన్నాదని సంబరపడతన్నావు." తల వంచుకున్నాడు. "ఇల్లు సూసి బొచ్చు సెప్పీసినాను. బావ సెయ్యి సూడనేదు. ఇంకో పొట్టిబొచ్చుది తెస్తానులే."

"మరి రాణిని ఎవుడికి ఒగ్గీమంటావు? అదీ తాడు కొరుక్కుని పట్టాలెంట పోవాలా? నేదురా. ఒక పాపం సాలు."

ఎల్లాజీ కత్తిరింపు మిషను తెచ్చి రాణి బొచ్చంతా తోలు దగ్గరికి తీసేశాడు. మొలకల్లా గుచ్చుకుంటుందేమోనని ఆశ. బావ చేతిని తీసి దాని వీపు మీద ఎదురు రాశాడు. అప్పలసూరి మొహంలో ఏమీ కదల్లేదు. ఎల్లాజీ మిషను సంచిలో పెట్టేశాడు. "ఈ రకం బొచ్చు ఎంత పొట్టిగా కోసినా ముల్లవదప్పా. మకమలు గుడ్డే."

వెళ్ళబోతూ వంగి బావ చెవి దగ్గర, "ఎలిపోతన్నాను బావా," అన్నాడు. ఆ వంగడంలో, అప్పలసూరి ఎడమ చేత్తో గుండె మీదికి ఎత్తుకున్న కుడిచెయ్యి జారి ఎల్లాజీ చెంపకు తగిలింది. నాలుగు రోజుల గడ్డం. వేళ్ళు ముడుచుకున్నాయి.

ఇద్దరూ చూశారు. ఎల్లాజీ కదలకుండా అలాగే వంగి నిలబడ్డాడు, నడుం పట్టేసేదాకా. "నాను ఇక్కడే ఉండిపోగల్ను గానీ అప్పా," అన్నాడు చివరికి, "అక్కడ షెడ్డు ఎవుడు సూస్తాడు?"

జగ్గమ్మ తలకు కట్టుకున్న గుడ్డను ఒకసారి తడుముకుంది.

ఆ వారంలోనే సింహాచలం వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చింది. మొక్కు అని చెప్పింది. వీధిలో గుసగుసలు లేచాయి. ధనలక్ష్మి మొహం మీదే అడిగింది. "మొగుడు మంచం మీదుండగా గుండేటి వొదినా? సూసీవోలు ఏటనుకుంటారు?"

"నూల్లో ఎంట్రిక పడదనుకుంటారు," అంది జగ్గమ్మ.

తొమ్మిది రోజులు ఆగింది. పదో రోజు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, తల గుడ్డ విప్పి, మంచం పక్కన సుక్క నిలబడే చోటే చతికిలబడి, తల మంచం పట్టెకు ఆనించింది. వెనక్కి చెయ్యి చాచి ఆయన కుడిచేతిని అందుకుని తన నడినెత్తి మీద పెట్టుకుంది. నెరిసిన మొలకలు, మొండి మొలకలు. మెడ వైపు నుంచి నుదురు వైపుకు, ఎదురుకు, ఒకసారి రాసింది.

వేళ్ళు ముడుచుకున్నాయి.

రెండోసారి ఆమె రాయనక్కర్లేకపోయింది. ఎడమ చేత్తో ఆయనే కుడిచేతిని పట్టుకుని రాశాడు. చాలాసేపు రాశాడు. మంచం కింద రాణి ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ పడుకుంది.

"సుక్క," అన్నాడు అప్పలసూరి.

జగ్గమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే తల కదిలిపోతుంది. ఎదురుగా అరటి దొప్పలో ఏకులు తెల్లగా ఉన్నాయి, వాటివైపే చూస్తూ కూర్చుంది.

"ఊఁ," అంది.

నెల తిరిగేసరికి జుట్టు పెరిగి మెత్తబడింది. ఒకరోజు ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. పోగు తెగిన చోట నేతగాడి చెయ్యి ఆగినట్టే ఆగింది. మర్నాడు పొద్దున్నే జగ్గమ్మ మంగలి దుకాణానికి బయల్దేరింది. "ఈ తూరి ఏ మొక్కు వొదినా?" అని ధనలక్ష్మి అరుగు మీంచి అడిగింది. జగ్గమ్మ తలగుడ్డ బిగించుకుని నడిచింది.